అరవని మొగుడు

కంచం ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. గోడకి తగిలి, గచ్చు మీద పడి, ఆగనా వద్దా అని తనలో తాను అనుకుంటున్నట్టు తిరిగి తిరిగి, చివరికి ఖంగుమని బోర్లా పడింది.

"నోరు ముయ్యవే!" అన్న కేక మాత్రం ఇంకా ఇల్లు వదిలి పోలేదు.

జేబులక్క మొగుడి యూనిఫాం చొక్కా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ కేకకి ఏ ఆడదైనా హడలిపోవాలి. ఆవిడకి మాత్రం గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. హమ్మయ్య, అరిచాడు. అయితే ఈయన నా మొగుడే.

ఆవిణ్ణి చూసి నవ్వితే పాపం. అరిచే మొగుడితో కాపురం చెయ్యడం కష్టమే, కాదనను. కానీ జన్మంతా అరిచినవాడు ఉన్నట్టుండి అరవడం మానేస్తే, ఆ కష్టం ఎవరితో చెప్పుకోవాలి?

ఆయన బస్సు డ్రైవరు. సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టాడంటే ఒక చెప్పు ఈ మూలకి, ఒక చెప్పు ఆ మూలకి, సంచీ మంచం మీదకి, దారికి అడ్డం వచ్చిన స్కూటర్ల వాళ్ళ తాతముత్తాతలందరికీ తిట్లు. అలాంటి మనిషి కొన్నాళ్ళుగా చెప్పులు జతగా విడుస్తున్నాడు. సంచీ మేకుకి తగిలిస్తున్నాడు. కూరలో ఉప్పు లేకపోతే, "ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అని మెత్తగా అడుగుతున్నాడు. కట్టుకున్న మొగుడు ఉప్పు డబ్బా ఎక్కడుందని మెత్తగా అడిగితే ఏ పెళ్ళానికి ఒళ్ళు మండదు? ఏ తప్పు చేసి ఇంత మంచివాడయ్యాడో అనిపించదూ?

అందులోనూ ఆవిడ పని అలాంటిది. నాలుగు వీధుల అవతల పెద్ద లాండ్రీలో, బట్టలు మిషన్లో పడేముందు ఊళ్ళోవాళ్ళ జేబులన్నీ తడిమి చూడటం. అందుకే అక్కడివాళ్ళు జేబులక్క అని పేరు పెట్టారు. ఒంటి చెవిపోగులు, రెండేసి సినిమా టిక్కెట్లు, పరాయి వాసనేసే చేతిరుమాళ్ళు, ఆ చేతులు తడమనిది లేదు. పైకి నవ్వుతూ తిరిగే కాపురాలు లోపల ఎలా ఉన్నాయో ఆవిడకి జేబులే చెప్పేవి. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, సొంత మొగుడి చొక్కా వదిలేస్తుందా?

ఆ పొద్దున ఆయనకి సెలవు. తీరిగ్గా కూర్చుని తింటుంటే చొక్కా తెచ్చి ముక్కు ముందు పట్టింది.

"దీని వీపు చూడండి."

"ఉతికావు, శుభ్రంగా ఉంది."

"ఉతక్కముందు కూడా శుభ్రంగానే ఉంది! డ్రైవరు చొక్కాకి వీపంతా సీటు చెమట పట్టి అట్ట కట్టాలి. ఇది పెళ్ళికొడుకు చొక్కాలా ఉంది. చేతులు మాత్రం మోచేతుల దాకా తడిసి ఆరాయి. మీరు కూర్చుంటున్నది ఏ సీట్లోనండీ? ఎవరింట్లో గిన్నెలు తోముతున్నారు?"

అదీ సంగతి. అప్పుడు లేచింది కంచం.

అరిచాక ఆయన తన కుడిచేతిని తనే చూసుకున్నాడు, పక్కింటివాళ్ళ చెయ్యి పొరపాటున తనకి అతుక్కున్నట్టు. ఇంకో మాట లేకుండా తలుపు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఏం పడిందే?" అంది లోపలి గదిలోంచి అత్తగారు.

"మీ అబ్బాయి మంచితనం, అత్తయ్యా."

ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. కంచాన్ని చూసింది, కోడల్ని చూసింది.

"నువ్వు రేపావు, వాడు అరిచాడు."

"రేపకపోతే నిప్పుందో ఆరిందో ఎలా తెలుస్తుంది?"

"వారం నుంచి చూస్తున్నానమ్మాయ్. కూరలో ఉప్పు మానేశావు. స్నానానికి చన్నీళ్ళు పెట్టావు. నిన్న వాడి చెప్పొకటి నా మంచం కింద దాచావు. నాకు కళ్ళు మసకలేగానీ బుద్ధి మసక కాదు."

"అన్నిటికీ ఊరుకున్నాడు కదా! ఒంటి చెప్పుతో నిలబడి, 'ఇంకోటి కనబడితే చెప్పు' అన్నాడు. మీరు కన్న కొడుకు అలా అంటాడా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి."

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకోలేదు. అందుకు బదులు ముక్కు పొడుం డబ్బా వెతుక్కుంది. అంటే ఆవిడకీ అనుమానం ఉందన్నమాటే.

ఇంతలో తలుపు దగ్గర పై వాటా పిన్నిగారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఆవిడ చెవిని చీమ అడుగుల చప్పుడు కూడా దాటిపోదు.

"ఏదో పడ్డట్టుందేమిటమ్మా? దెబ్బలేమీ తగల్లేదు కదా?" అంటూనే మెడ సాచి గదంతా చూసింది. "మీ ఆయన మెట్ల దగ్గర ఉన్నాడులే. రోజూ ఉండేదేగా."

"రోజూనా?"

"అయ్యో, నీకు తెలీదూ? నేను చెప్పకూడదేమో." చెప్పకూడనిది చెప్పేముందు పిన్నిగారు ఎప్పుడూ కొంగు సర్దుకుంటుంది. ఇప్పుడూ సర్దుకుంది. "వీధి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటాడు. మణికట్లు రెండూ నీళ్ళ కింద పెట్టి కళ్ళు మూసుకుంటాడు. తర్వాత పైకొచ్చి మీ మెట్ల మలుపులో ఆగిపోతాడు. ఎదురు మేడ వైపే చూస్తూ ఏదో గొణుక్కుంటాడు. మధ్య మధ్యలో ఉఫ్ఫు ఉఫ్ఫుమని పొడుగ్గా నిట్టూర్పులు. ఆ మేడ మీద ఈమధ్యే ఎవరో కొత్తగా దిగారట. నేనేమీ అనటంలేదమ్మా."

ఏమీ అనకుండానే అంతా అనేసి ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

జేబులక్క బుర్రలో అన్నీ ఒక్కొక్కటే వరసలో నిలబడ్డాయి. నీళ్ళు దేనికి? ఒంటికంటిన వాసన పోవడానికి. నిట్టూర్పులు దేనికి? ఇంటికి రావాల్సి వచ్చినందుకు. గొణుగుడు దేనికి? పెళ్ళాం అడిగితే చెప్పాల్సిన అబద్ధం అప్పజెప్పుకోవడానికి. ఇక ఎదురు మేడ! ఇంకేం కావాలి, అద్దంలో మొహంలా కనబడుతుంటే?

మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆయన రెండు అరచేతులూ గోడకి ఆనించి నెడుతున్నాడు.

"గోడ పడిపోతుందా ఏం?" అంది.

"కాసేపాగు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. కోపం దిగాక మాట్లాడుకుందాం. ఇప్పుడు మాట్లాడితే మళ్ళీ అరుస్తాను."

ఆవిడ ఆయన వైపు తేరిపార చూసింది. ఈ మాట ఈయన సొంతం కాదు. జేబులో దొరికిన పరాయి చేతిరుమాలు ఎలా తెలిసిపోతుందో, నోట్లోంచి వచ్చే పరాయి మాటా అలాగే తెలిసిపోతుంది.

"ఈ పది నిమిషాల పాఠం ఎవరు నేర్పారు?"

ఆయన గోడని ఇంకాస్త గట్టిగా నెట్టాడు.

"రోజూ ఇక్కడ నిలబడి ఏం చూస్తున్నారు?"

"ఎదురు మేడ మీది దండెం."

"దండెం మీద?"

"నీలం చొక్కా. ఎర్ర తువ్వాలు. పసుప్పచ్చ గౌను."

"గౌనా! ఎవరిదది?"

"నాకేం తెలుసే? నేను చూసేది రంగులు. చూసిన రంగు పేరు పైకి అనుకుంటాను. అంతే."

"రంగులు చూడ్డానికి మీరేమన్నా అద్దకం పనివారా? డ్రైవరుకి తెలియాల్సినవి ఎరుపూ పచ్చా రెండేగా!"

ఆయనకి నవ్వొచ్చినట్టుంది. పెదవి కొస కదిలి ఆగిపోయింది. ఆ ఆగడమే ఆవిడకి నచ్చలేదు.

"నిజం చెప్పండి. ఎవరావిడ?"

"ఏ ఆవిడ?" అన్నాడు. కానీ ఒక్క క్షణం ఆలస్యంగా అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఆయన చూపు ఆవిణ్ణి దాటి కిందికి జారింది.

కింది మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆడ అడుగులే. భుజాన సంచీ, చేతి మీద మడిచిన తెల్లకోటు, ఆయాసపడుతూ ఒకావిడ పైకి వస్తోంది. వీళ్ళని చూసి నవ్వింది, బాగా తెలిసినవాళ్ళని చూసి నవ్వినట్టు.

"మేడమ్! మీరా! ఇవాళ వస్తారనుకోలేదు," అన్నాడాయన. మొహం పాలిపోయింది.

"ఇవాళ కాకపోతే ఎప్పుడొస్తారనుకున్నారు?" అంది జేబులక్క.

ఆవిణ్ణి లోపలికి రమ్మన్నది ఎవరో తెలీదు. అందరూ లోపలికి వచ్చారు. అత్తగారు కుర్చీ చూపించింది. కంచం ఎప్పుడు తీశారో, నేల మీద లేదు. అత్తగారి పని అయ్యుంటుంది. కొడుకు మీద మాట పడుతుందంటే ఆ ముసలి చేతులకి ఎక్కడలేని చురుకొస్తుంది.

జేబులక్క ముందు కుర్చీ వీపు మీద వేసిన ఆ తెల్లకోటు జేబులు చటుక్కున తడిమి చూసింది. అలవాటు. ఒక కలం, చూయింగ్ గమ్ పొట్లం, విడిగా రెండు గుండీలు. తన మొగుడి తాలూకు ఆనవాలేమీ లేదు. అంత మాత్రాన నమ్మేస్తుందా?

"నేను డిపోలో నర్సుని," అంది వచ్చినావిడ. మనిషి బొద్దుగా ఉంది, గొంతు పెద్దది. "ఇంట్లో ఎలా ఉంటున్నారో చూసి వెళదామని వచ్చాను. ఆయన మీకంతా చెప్పే ఉంటారుగా?"

అత్తా కోడలూ మొహమొహాలు చూసుకున్నారు. నర్సమ్మ ఆయన వైపు తిరిగింది.

"చెప్పలేదా?"

ఆయన తల దించుకున్నాడు.

"మొదటి రోజే చెప్పాను కదండీ మీకు. ఇంట్లో దాచిపెడితే ఊపిరి తీసుకునే పాఠాలు ఎన్ని చేసినా సగమే పనిచేస్తాయని! చెప్పండి. ఇప్పుడే చెప్పండి, నేనుండగానే."

అప్పుడు చెప్పాడు, గచ్చు మీద చూపు పెట్టి. నిండు బస్సు. ఎండ. ముందు ఒక కారువాడు దారివ్వడు. అద్దం దించి వేలు చూపించాడు. అంతే, ఈయన బస్సు నడిరోడ్డు మీద ఆపేసి కిందికి దూకాడు. కారు అద్దం మీద కొడుతూ అరుస్తున్నాడు. వెనకాల జనం కూడా అరుస్తున్నారు. తన తరఫున అరుస్తున్నారనుకున్నాడు. తిరిగి చూస్తే బస్సు కదులుతోంది. బ్రేకు వెయ్యడం మరిచిపోయాడు. పల్లంలోకి, లోపల అందరితోనూ, మెల్లగా, డ్రైవరు లేకుండా.

"కండక్టరు దూకి బ్రేకు తొక్కాడు," అన్నాడు. "ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఒక చంటిపిల్ల తల్లి అద్దంలోంచి నన్ను చూసింది. ఆ చూపు..."

అరచేతులు మోకాళ్ళకి రుద్దుకున్నాడు.

"అప్పట్నించీ స్టీరింగు ఇవ్వడం లేదు," అంది నర్సమ్మ. "బస్సులు కడిగే పని. రోజూ కాసేపు నా దగ్గర పాఠం."

తడిసిన చేతులు. చెమట పట్టని వీపు. జేబులక్కకి లెక్క సరిపోయింది. కానీ అనుమానమనేది లెక్క సరిపోగానే లేచిపోయే చుట్టం కాదు.

"కుళాయి దగ్గర మణికట్లు తడపడం?"

"నేను చెప్పిందే. చల్లటి నీళ్ళు పడితే ఒళ్ళు చల్లబడుతుంది."

"దండెం మీద రంగులు?"

"అదీ నేనే. బుర్ర అదే గొడవ చుట్టూ తిరుగుతుంటే కంటికి ఏదో ఒక పని చెప్పాలి. గోడ నెట్టడం కూడా అంతే. కొట్టాలనిపించే చేతులకి కొట్టకుండా చెయ్యగలిగే పని."

"ఉఫ్ఫు ఉఫ్ఫుమని నిట్టూర్పులు?"

"నిట్టూర్పులు కావమ్మా! రండి, ఇలా కూర్చోండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు మెల్లగా వదలండి. పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి."

నాకెందుకు అనబోయింది. కానీ ఈ నర్సు నిజం చెబుతోందో లేదో తేల్చుకోవాలంటే చేసి చూడటమే మేలనిపించింది. పీల్చింది, ఊదింది. మళ్ళీ పీల్చింది, ఊదింది. చెవుల దాకా లేచి ఉన్న భుజాలు తమంతట తామే కిందికి దిగాయి. అవి అంత పైన ఉన్నాయని కూడా అప్పటిదాకా ఆవిడకి తెలీదు. దాంతో నర్సమ్మ మీద కోపం ఇంకాస్త పెరిగింది. ఇంత చిన్న ఊపిరి కోసమా తను ఇన్నాళ్ళూ తిండీ నిద్రా పాడుచేసుకుంది!

"నాకెందుకు చెప్పలేదు?" అంది మొగుడితో. గొంతు ఇప్పుడు చిన్నదైంది.

"చెబితే జేబులు వెతికినట్టు నన్ను వెతుకుతావు," అన్నాడాయన.

"చెప్పకపోయినా వెతికాగా!"

"అవును. కానీ చెప్పి ఉంటే, దొరికేదాకా ఆపేదానివి కాదు."

నర్సమ్మ గొంతు సవరించుకుంది. "సరే, నా పని కానివ్వండి. ఇంట్లో వాళ్ళని ఒక మాట అడిగాకే డిపోలో పై అధికారులకి చెప్పాలి. మా దగ్గర అందరూ బుద్ధిమంతులే, ఇంటికెళ్ళాకే అసలు రంగు. ఈయన ఈమధ్య ఇంట్లో అరిచారా? ఏమైనా విసిరారా?"

"అబ్బే!" అంది అత్తగారు వెంటనే. "మా వాడు వెన్న. వేలు పెడితే దిగబడతాడు."

నర్సమ్మ ఆవిడకి నవ్వొకటి ఇచ్చి, జేబులక్క వైపు చూసింది. "కోడలుగారు చెప్పాలి."

ఆయన కూడా చూశాడు. అబద్ధం చెప్పమని ఆ చూపు అడగలేదు. నిజం చెప్పమనీ అడగలేదు. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"అరిచారంటే ఏమవుతుంది?" అంది.

"మళ్ళీ మొదటికి. ఇంకొన్నాళ్ళు బస్సులు కడగడం. అదే జరుగుతూ పోతే ఇక స్టీరింగు మాట మరిచిపోవడమే."

చీపురుతో బస్సు చక్రాలు తోముతున్న మొగుడు కళ్ళముందు కనబడ్డాడు. లేదు, అరవలేదు అంటే పోయేదేముంది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో, చూడకపోయినా, ఆ చంటిపిల్ల తల్లి కనబడింది. అద్దం వెనకాల, పల్లంలోకి జారుతూ.

"అరిచారు," అంది. "ఇవాళే. ఇందాకే. కంచం విసిరారు."

"అమ్మాయ్!" అంది అత్తగారు.

"ఉండండత్తయ్యా. ఇంకా ఉంది. అరిపించింది నేను. వారం రోజులు పనిగట్టుకుని మరీ గిల్లాను. ఉప్పు మానేశాను, చన్నీళ్ళు పెట్టాను, చెప్పు దాచాను. అన్నిటికీ ఊరుకున్నారు. ఊరుకున్నకొద్దీ నాకు ఒళ్ళు మండింది."

"ఎందుకలా?"

"నెమ్మదైన మొగుణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎవరి మొగుడో నా ఇంటికి వచ్చాడనుకున్నాను."

నర్సమ్మ తొడ చరిచి గట్టిగా నవ్వింది. పై వాటాలో కుర్చీ జరిపిన చప్పుడైంది. పిన్నిగారు చెవి నేలకి ఆనించి ఉంటుంది, పాపం, అదిరిపడి ఉంటుంది.

"వారం రోజులా! మా దగ్గర ఎవరూ రెండు పూటలు ఆగలేదండీ ఇంత గిల్లుడికి. చూడండమ్మా, స్టీరింగు తిరిగి ఇచ్చేముందు డిపో ఆవరణలో ఖాళీ బస్సు ఒకటి నడిపిస్తాం. పక్కన మా మనిషి ఒకడు రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఉంటాడు. వెనక సీట్లో నేను కూర్చుని ప్రయాణికురాలిలా సతాయిస్తాను. స్టాపు దాటించావేం, చిల్లర ఇవ్వవేం, నీకు కళ్ళున్నాయా అని. నా గొంతు పోతుందే గానీ నేను పరాయిదాన్నని వాళ్ళకి తెలుసు, కోపం రాదు. రేపు పొద్దున నా బదులు మీరు కూర్చోండి."

"నేనా?"

"మీరే. ఇంట్లో ఎలా మాట్లాడతారో బస్సులో అలాగే మాట్లాడాలి. ఒక్క మాట తగ్గించినా ఒప్పుకోను. మీ నోటికి తట్టుకుని బస్సు సరిగ్గా నడిపారా, ఈ ఊళ్ళో ఏ రోడ్డుకైనా నేను పూచీ."

అత్తగారు పొడుం పీల్చడం మరిచిపోయి డబ్బా మూసేసింది.

ఆయన లేచి నిలబడ్డాడు.

"వద్దు మేడమ్," అన్నాడు. "నిండు బస్సు ఇవ్వండి, నడుపుతాను. వాన ఇవ్వండి, ఘాట్ రోడ్డు ఇవ్వండి. ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి. ఈవిడ మాత్రం వద్దు."

జేబులక్క ఆయన మొహంలోకి చూసింది. కోపం కోసం వెతికింది. అలవాటైన చోట్లన్నీ వెతికింది. కనుబొమలు, ముక్కుపుటాలు, దవడ. ఎక్కడా లేదు. ఉన్నది వేరే ఏదో. ఇన్నేళ్ళ కాపురంలో అక్కడ అలాంటిది ఒకటి ఉంటుందని వెతకాలనే తోచలేదు ఆవిడకి.

"నేనంటే భయమా మీకు?" అంది.

నవ్వుతూ అడుగుదామనుకుంది. నవ్వు రాలేదు.

నర్సమ్మ కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అత్తగారు కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపూ చూడలేదు.

ఆయన ఆవిడ కళ్ళలోకి చూశాడు. అది పది నిమిషాల పాఠంలో నేర్చుకున్న చూపు కాదు. బావిలోకి తొంగిచూసి లోతు చూసుకునేవాడి చూపులా ఉంది.

"సరే మేడమ్, రానివ్వండి," అన్నాడు చివరికి. ఆ తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "ఇప్పుడడిగిన మాట రేపు బస్సులో అడుగు. బండి కదిలాక అడుగు. అప్పుడైతే తలుపు మూసుంటుంది. నేను దిగిపోలేను, నువ్వూ దిగిపోలేవు. జవాబు మొత్తం చెబుతాను."

మెత్తగానే అన్నాడు. ఆ గొంతులో కోపం వీసమెత్తు కూడా లేదు.

జేబులక్కకి భయం వేసింది అందుకే.